కరుణాపీఠం కింద ధర్మశాస్త్రం

క్రైస్తవ విశ్వాసంలో దేవుణ్ణి గురించి తరచుగా వినిపించే మాటలు రెండు: ఆయన ప్రేమామయుడు, ఆయన పరిశుద్ధుడు. మొదటి మాట వినగానే మనసు కుదుటపడుతుంది, రెండో మాట వినగానే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలనిపిస్తుంది. అందుకే సామాన్య విశ్వాసి ఊహలో ఈ రెండు గుణాలూ త్రాసులోని రెండు సిబ్బెల మాదిరిగా, ఒకటి కిందికి దిగితే రెండోది పైకి లేవక తప్పదన్నట్టు వేలాడుతుంటాయి. ప్రేమను గురించి ఎక్కువగా చెప్పే బోధకుడు పాపాన్ని తేలిగ్గా తీసుకుంటున్నాడని, పరిశుద్ధతను గురించి గట్టిగా చెప్పేవాడికి జాలి లేదని సంఘాల్లో వినవచ్చే ఫిర్యాదులకు మూలం ఈ త్రాసే. అయితే బైబిలును కాస్త నిదానంగా చదివితే ఈ రెండింటినీ ఎదురెదురు సిబ్బెల్లో పెట్టిన చోట్లు అరుదుగా కనిపిస్తాయి. రెండూ ఒకే వస్తువులో, ఒకే అధ్యాయంలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో కలిసి కనిపించే చోట్లు మాత్రం కొల్లలుగా ఉన్నాయి.

ముందుగా మాటల సంగతి. తెలుగు బైబిలులో 'పరిశుద్ధ' అనీ కథోలిక సంప్రదాయంలో 'పవిత్ర' అనీ కనిపించే విశేషణానికి మూలమైన హీబ్రూ పదం 'ఖాదోష్'. దీనికి సాధారణంగా చెప్పే అర్థం వేరుగా ఉన్నది, మామూలు వాడుక నుంచి తప్పించి ప్రత్యేకించినది అని. తెలుగులో శుద్ధి అనగానే మురికి లేకపోవడం స్ఫురిస్తుంది గాని, హీబ్రూ పదంలో మురికి ప్రస్తావన తర్వాతిది. దేవుడు దేవుడే, సృష్టిలోని దేనితోనూ ఆయనకు పోలిక లేదు అన్నది ముందుది. బైబిలులో మొట్టమొదట పరిశుద్ధపరచబడినది గుడి కాదు, కొండ కాదు, మనిషీ కాదు. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు విశ్రమించిన ఏడో దినం. బానిసకూ పశువుకూ కూడా ఆ రోజు పని తప్పించాలని ధర్మశాస్త్రం తర్వాత చెప్పిన మాటను దీని పక్కన పెట్టి చదివితే, వేరుచేయడం అనే ఈ భావంలోనే అలసినవారికి ఊరట ఇమిడి ఉన్నదని బోధపడుతుంది.

లేవీయకాండంలో 17 నుంచి 26 వరకు ఉన్న అధ్యాయాలకు జర్మన్ పండితుడు ఆగస్ట్ క్లోస్టర్‌మన్ 1877లో 'పరిశుద్ధతా నియమావళి' అని పేరు పెట్టాడు. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలు కూడా పరిశుద్ధులై ఉండాలన్న ఆజ్ఞతో ఇందులోని 19వ అధ్యాయం మొదలవుతుంది. ఆ ఆజ్ఞ విన్న పాఠకుడు ఆ వెంటనే స్నానాలు, ఉపవాసాలు, అంటుముట్టుల జాబితా వస్తుందని ఎదురుచూడడం సహజం. విగ్రహాలు, బలులు వంటి సంగతులు ఆ అధ్యాయంలో లేకపోలేదు, కాని కొన్ని వచనాలు గడిచేసరికి ప్రసంగం పొలాల మీదికి మళ్లుతుంది: కోతకాలంలో పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి, కూలివాడి కూలిని మర్నాటి పొద్దు దాకా దగ్గర ఉంచుకోకూడదు, చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకూడదు. మాటిమాటికీ నేను యెహోవానన్న పల్లవితో సాగే ఈ వరుసలోనే, 18వ వచనంలో, పొరుగువాణ్ణి తనవలె ప్రేమించాలన్న ఆజ్ఞ ఉంది. యేసు చెప్పిన కొత్త మాటగా చాలామంది భావించే ఆ ఆజ్ఞ నిజానికి పరిశుద్ధతా నియమావళి నడిబొడ్డున పుట్టింది. 34వ వచనం దానిని దేశంలో నివసించే పరదేశికి కూడా వర్తింపజేస్తుంది. పరిశుద్ధుడైన దేవుణ్ణి పోలి నడుచుకోవడమంటే సాయంత్రానికి కూలి డబ్బులు చేతిలో పెట్టడమని చెప్పే ఈ అధ్యాయం ప్రసంగ వేదికల మీద వినిపించేది మాత్రం తక్కువే.

ఈ రెండు గుణాలూ కలిసే చోటుకు రూపం ఇచ్చిన వస్తువు ఒకటుంది. నిర్గమకాండం 25వ అధ్యాయంలో మోషేకు అందిన సూచనల ప్రకారం ఇశ్రాయేలీయులు తుమ్మకర్రతో ఒక మందసం, అంటే పెట్టె, చేసి దానికి లోపలా వెలుపలా బంగారు రేకు పొదిగారు. దాని పొడవు రెండు మూరల జేనెడు, వెడల్పు మూరెడు జేనెడు. అంటే దాదాపు మూడు ముప్పావు అడుగుల పొడవు, రెండడుగులకు కాస్త మించిన వెడల్పు. పది ఆజ్ఞలు చెక్కిన రాతిపలకలు అందులో ఉండేవి. పెట్టె మీద సరిగ్గా అదే కొలతతో మేలిమి బంగారు మూత, ఆ మూత రెండు కొసలా రెక్కలు చాచి ఎదురెదురుగా నిలిచి, ముఖాలు మూత వైపే వంచిన ఇద్దరు కెరూబులు, అంటే దేవదూతల ఆకృతులు. ఈ మూతను హీబ్రూలో 'కప్పోరెత్' అంటారు. ప్రాయశ్చిత్తం చేయడమనే అర్థంగల క్రియకు అది సంబంధించిన మాట. తెలుగు అనువాదకులు దానికి కరుణాపీఠమని పేరు పెట్టారు. కెరూబుల నడుమ, ఆ మూత మీదినుంచే, మోషేతో మాట్లాడతానని దేవుడు చెప్పినట్టు అక్కడే ఉంది.

మందసం ఉండే అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్తార్థ దినాన, అడుగుపెట్టేవాడు. ఆ రోజు ఆయన రాళ్లు తాపిన పతకాన్నీ బంగారు గంటలు కుట్టిన అంగీనీ తీసిపెట్టి, ఒళ్లు కడుక్కుని, సాదా నారబట్టలు కట్టుకుని, ముందు తన పాపాల కోసం కోడెదూడను బలి ఇవ్వాలి. తర్వాత నిప్పుల ధూపార్తినీ రెండు పిడికిళ్ల ధూపద్రవ్యాన్నీ అడ్డతెర లోపలికి తీసుకువెళ్లి నిప్పుల మీద వేస్తే, లేచిన పొగ కరుణాపీఠాన్ని కమ్మివేస్తుంది. ఆ పొగ కమ్మకపోతే ఆయన చనిపోతాడని లేవీయకాండం 16వ అధ్యాయం సూటిగా హెచ్చరిస్తుంది. ఆపైన కోడె రక్తాన్నీ, ప్రజల కోసం వధించిన మేక రక్తాన్నీ వేలితో ఆ మూత మీదా దాని ఎదుటా చిలకరిస్తాడు. ప్రధాన యాజకుడు లోపల చనిపోతే బయటికి లాగడానికి ఆయన కాలికి తాడు కట్టేవారని తెలుగు ప్రసంగాల్లో తరచూ చెబుతుంటారు గాని, బైబిలులో ఎక్కడా ఆ తాడు లేదు. అటువంటి కథనం మధ్యయుగాల యూదు గ్రంథమైన జోహార్‌లో కనిపిస్తుంది. భయం పుట్టించడానికి తాడు అవసరం కూడా లేదు. పైన దేవుని సన్నిధి, కింద పెట్టెలో ప్రజలు మీరిన ఆజ్ఞలు, రెండింటి నడుమ రక్తం పడిన మూత. ఆ అమరికే సంగతంతా చెబుతుంది. ఆజ్ఞలను తీసి పారవేసి ప్రజలను క్షమించలేదు, ఆజ్ఞలు మీరినందుకు ప్రజలను తుడిచిపెట్టనూ లేదు. అతి పరిశుద్ధమైన ఆ గదిలో దేవుని సన్నిధికి ఆసనమైన చోటు పేరే కరుణ.

ప్రేమకు బైబిలు వాడే పదాల్లో ముఖ్యమైనది 'హెసెద్', తెలుగులో 'కృప'. ఇచ్చిన మాటకు కట్టుబడి, ఎదుటివాడు తప్పినా విడిచిపెట్టని అనురాగం అన్నది దాని భావానికి దగ్గరగా వస్తుంది. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో ప్రవచించిన హోషేయ, వేరొకరి వెంట వెళ్లిన భార్యను మళ్లీ తెచ్చుకున్న తన సంసారంలోనే ఈ కృపను చూపవలసివచ్చినవాడు. ఆయన గ్రంథంలోని 11వ అధ్యాయంలో దేవుడు బిడ్డకు నడక నేర్పి చేతుల్లోకి ఎత్తుకున్న తండ్రిలా మాట్లాడతాడు. ఆ బిడ్డ తిరగబడ్డాడు గనుక శిక్ష తప్పదంటాడు. అంతలోనే వాణ్ణి ఎలా విడిచిపెట్టేదని తల్లడిల్లుతాడు. ఇక్కడ దాదాపు ప్రతి పాఠకుడూ పొరబడే మలుపు ఉంది. ఇశ్రాయేలును పూర్తిగా నాశనం చేయకపోవడానికి దేవుడు చెప్పిన కారణం తాను జాలిగుండెవాడినని కాదు. తాను మనిషిని కాదని, వారి మధ్య ఉన్న పరిశుద్ధుడినని. మనిషి ప్రేమకు ఒక హద్దు ఉంటుంది, అవమానం దాన్ని దాటితే ప్రేమ పగగా మారుతుంది. ఆ హద్దు దేవునికి లేకపోవడానికి కారణం ఆయన మనిషికంటె వేరైనవాడు, అంటే పరిశుద్ధుడు కావడమే. త్రాసు ఊహ ఈ ఒక్క వచనం దగ్గర తలకిందులైపోతుంది. అయినా హోషేయ తీయటి మాటలతో సరిపెట్టలేదు. ఆ రాజ్యపు రాజధాని సమరయ పతనమవుతుందని కూడా చెప్పాడు, క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యాల చేతుల్లో అది పతనమైంది కూడా.

ఈ కలయికను బిరుదుగా మార్చినవాడు యెషయా. ఆయన పేరిట ఉన్న గ్రంథంలో దాదాపు పాతిక సార్లు దేవుణ్ణి 'ఇశ్రాయేలు పరిశుద్ధుడు' అని పిలవడం కనిపిస్తుంది. 41వ అధ్యాయం నుంచి ఆ బిరుదుకు పక్కనే 'విమోచకుడు' అన్న మాట మళ్లీ మళ్లీ చేరుతుంది. విమోచకుడికి హీబ్రూ పదం 'గోయెల్'. ఇది గుడికి చెందిన మాట కాదు, కుటుంబానికి చెందినది: అప్పుల్లో మునిగి పొలం అమ్ముకున్న బంధువు పొలాన్ని తిరిగి కొనిచ్చేవాడు, తన్ను తాను దాస్యానికి అమ్ముకున్న అన్నదమ్ముణ్ణి సొమ్ము చెల్లించి విడిపించుకునేవాడు గోయెల్. ఎవరితోనూ పోలికలేనివాడు, రక్తసంబంధిలా అప్పు తీర్చడానికి వచ్చేవాడు ఒక్కడేనని యెషయా అంటున్నాడు. దీనికి ముందు, ఉజ్జియా రాజు చనిపోయిన ఏట, ఆయన చూసిన దర్శనంలో సెరాపులనే దూతలు ముమ్మారు పరిశుద్ధుడని గానం చేయగా విన్న యెషయా తన పెదవులు అపవిత్రమైనవని, తాను నశించానని కేక వేశాడు. ఒక దూత బలిపీఠం మీది నిప్పును పట్టుకారుతో తీసి ఆ పెదవులకే తాకించాడు. నిప్పు ఆయన్ని కాల్చివేయలేదు, దోషాన్ని తీసివేసింది.

దేవుని ఉగ్రత అనే మాట దగ్గర నేటి పాఠకుడు ఇబ్బంది పడడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే మనిషి కోపాన్ని దేవునికి అంటగట్టి చదివితే అది భరించరానిదే. యూదు తత్త్వవేత్త అబ్రహాం హెషెల్ ప్రవక్తలపై 1962లో వెలువరించిన గ్రంథంలో, దైవకోపాన్ని పట్టనితనానికి విరుగుడుగా చూడాలని వాదించాడు. అనాథకు అన్యాయం జరిగితే ఏమీ అనిపించని దేవుడు శాంతమూర్తి కాడు, పట్టించుకోనివాడు మాత్రమే. రెండో శతాబ్దంలో పొంతు ప్రాంతపు సినోపె నుంచి రోముకు వచ్చిన మార్సియన్ ఈ చిక్కుముడిని తెంచడానికి తేలిక దారి పట్టాడు: న్యాయం తీర్చే పాత నిబంధన దేవుడు వేరు, ప్రేమించే యేసు తండ్రి వేరు అన్నాడు. పాత నిబంధనను పూర్తిగా పక్కనపెట్టి, లూకా సువార్తలోనూ పౌలు పత్రికలు పదింటిలోనూ తనకు నచ్చని భాగాలు కోసివేసి వాడుకున్నాడు. రోము సంఘం క్రీ.శ. 144లో ఆయన్ని వెలివేసింది; క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఆయనకు జవాబుగా ఐదు భాగాల గ్రంథం రాశాడు. మార్సియన్ పేరు ఎరగనివారు కూడా పాత నిబంధన దేవుడు కఠినుడు, కొత్త నిబంధన దేవుడు దయగలవాడు అని అలవోకగా అంటూ ఉంటారు. వెలివేసిన సంఘం గెలిచింది గాని ఆ ఆలోచన పూర్తిగా ఓడిపోలేదు.

సువార్తల్లోని యేసు ఈ విభజనకు ఏమాత్రం లొంగడు. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త యాజకులను ఒక ధర్మసందేహం అడిగాడు: ప్రతిష్ఠిత మాంసాన్ని చెంగున కట్టుకున్నవాడు రొట్టెనో నూనెనో ఆ చెంగుతో తాకితే అది కూడా ప్రతిష్ఠితమవుతుందా? కాదని వారి జవాబు. శవాన్ని ముట్టి మైలపడినవాడు తాకితే? మైలపడుతుంది. మైల అంటుకుంటుంది, పరిశుద్ధత అంటుకోదు అన్నది నాటి నియమం. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠరోగి మోకరించి వేడుకున్నప్పుడు యేసు చేయి చాచి ముందు వాణ్ణి ముట్టాడు, ఆ తర్వాతే మాట పలికాడు. మైల ఆయనకు అంటలేదు. ఆయన శుద్ధి రోగికి అంటింది. అదే యేసు ఆ మనిషిని వెళ్లి యాజకునికి కనపరచుకుని మోషే నియమించిన కానుక చెల్లించమన్నాడు, అంటే నియమాన్ని కొట్టివేయలేదు, ప్రవాహాన్ని తిప్పాడు.

సిలువ దగ్గరికి వచ్చేసరికి చర్చ జటిలమవుతుంది, ఇక్కడ ఒక తెలుగు మాట అనుకోని వెలుగు చూపుతుంది. రోమీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పౌలు క్రీస్తును 'హిలస్టేరియోన్' అన్నాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో మందసం మూతకు వాడిన పదం ఇదే. బ్రిటిష్ పండితుడు సి.హెచ్. డాడ్ 1931లో ఈ పదానికి పాపాన్ని తుడిచివేయడమనే అర్థమే గాని కోపాన్ని చల్లార్చడమనే అర్థం లేదన్నాడు. ఆస్ట్రేలియా పండితుడు లియోన్ మోరిస్ 1955లో ఒక పెద్ద గ్రంథమే రాసి, కోపం సంగతి తీసివేస్తే పత్రిక తొలి అధ్యాయాల వాదనకే ఆధారం పోతుందని ఎదురు వాదించాడు. తెలుగు అనువాదకులు ఇక్కడ కరుణాధారమన్న మాట వాడారు. మందసం మూతకు కరుణాపీఠం, సిలువకెక్కినవాడికి కరుణాధారం. పక్షం తీసుకోకుండా పౌలు ఉద్దేశించిన పోలికను మాత్రం చెక్కుచెదరకుండా నిలిపిన అనువాదమది. ఏడాదికొకసారి ఒక్కడికే, పొగచాటున కనిపించిన మూత, అందరి కళ్ల ముందు బయట నిలబడిందన్నది పౌలు మాటల భావం.

సిలువ ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్‌సెల్మ్ 1098లో ముగించిన గ్రంథంలో, మనిషి దేవునికి బాకీపడిన గౌరవాన్ని మనిషే చెల్లించాలి, కాని దేవుడే చెల్లించగలడు అని తర్కించాడు. తర్వాతి తరంలో వేదాంతి అబెలార్డ్ సిలువపై కనిపించిన ప్రేమ మనిషి గుండెను మార్చడాన్ని ప్రధానం చేశాడు. తెలుగు సువార్త సభల్లో సిలువ అవసరాన్ని ఒక న్యాయాధిపతి కథగా చెబుతారు: నేరస్థుడైన కొడుక్కి జరిమానా విధించి, బల్ల దిగివచ్చి తనే ఆ జరిమానా కట్టిన తండ్రి. ఈ ఉపమానం మొదటిసారి విన్నవాణ్ణి కదిలిస్తుంది, కాని కథ కొంచెం జారితే కోపిష్టి తండ్రి ఒకవైపు, బతిమాలే కుమారుడు ఒకవైపు అయి కూర్చుంటారు. కొత్త నిబంధనలో ఎక్కడా కుమారుని మరణం వల్ల తండ్రి ప్రేమించడం మొదలుపెట్టినట్టు లేదు. తండ్రి ప్రేమించాడు గనుకనే కుమారుణ్ణి పంపాడని యోహాను, మనుషులు ఇంకా పాపులుగా ఉండగానే ఆ ప్రేమ వెల్లడైందని పౌలు చెప్పారు. 20వ శతాబ్దంలో వేదాంతి కార్ల్ బార్త్ దేవుని గుణాలను వివరిస్తూ కృపనూ పరిశుద్ధతనూ విడివిడిగా రాయక ఒక జంటగా, అదీ దైవప్రేమ అనే శీర్షిక కిందనే, చర్చించడం ఈ కారణంగానే.

ఒక పక్షాన్నే గుర్తుపెట్టుకునే అలవాటుకు అమెరికా బోధకుడు జోనథన్ ఎడ్వర్డ్స్ కథ మంచి ఉదాహరణ. కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో 1741 జులై 8న, కోపించిన దేవుని చేతుల్లోని పాపులను గురించి ఆయన చేసిన ప్రసంగం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అంతకు మూడేళ్ల ముందు, 1738లో, ప్రేమను గురించి వరుసగా ప్రసంగించి, పరలోకం ప్రేమలోకమని చెబుతూ ముగించినవాడూ ఆయనే. ఆ ప్రసంగాలు 1852 దాకా అచ్చుకే నోచుకోలేదు. దీనికి వ్యతిరేక దిశలోని పొరపాటును జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ 1937లో 'చౌక కృప' అని పిలిచాడు: పశ్చాత్తాపం అడగని క్షమాపణ, శిష్యత్వం అడగని సువార్త. హిట్లర్ పాలనలో ఆ మాట రాసినవాడికి అది పుస్తకచర్చ కాదు. 1945 ఏప్రిల్‌లో ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయన్ని ఉరితీశారు.

తెలుగు నేల మీద ఈ విషయానికి సొంత చరిత్ర ఒకటి ఉంది. శుద్ధి అనగానే ఇక్కడ తోచేది మడి, ఆ మడి ఎవరిని ఎంత దూరాన నిలబెట్టిందో అందరికీ తెలిసినదే. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు మిషన్‌కు చెందిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువు ఆశే వారిని తెచ్చిందని అన్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. అయితే ఊరి బావి చేరనీయని మనుషులకు, కుష్ఠరోగిని చేయిచాచి ముట్టిన పరిశుద్ధుడి కథ ఏ వేదాంత గ్రంథమూ చెప్పలేనంత సూటిగా అర్థమై ఉంటుందనడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆ తర్వాత అనేక చోట్ల సంఘాలలోకే కులం తిరిగి వచ్చి కూర్చున్న సంగతిని కూడా లేవీయకాండం 19వ అధ్యాయం పక్కన పెట్టి చదవవలసిందే.

కథోలిక, లూథరన్, దక్షిణ ఇండియా సంఘాల ఆరాధన క్రమాల్లో ప్రభువు బల్ల సంస్కారం, అంటే క్రీస్తు చివరి భోజనాన్ని జ్ఞాపకం చేసుకునే విందు, జరిగే రోజున ఒక వరుస ఉంటుంది. యెషయా విన్న ముమ్మారు పరిశుద్ధగానాన్ని సమాజమంతా నిలబడి పాడుతుంది. ఆ వెంటనే పాస్టరు లేదా గురువు రొట్టె చేతిలోకి తీసుకుని, యేసు అప్పగింపబడిన రాత్రి జరిగినదాన్ని చెబుతాడు. యెషయాను హడలెత్తించిన పాట ముగిసిన కొద్ది నిమిషాలకు, ఆ పాట పాడినవారే వరుసగా ముందుకు వచ్చి, ఖాళీ చేతులు చాస్తారు.